ట్రాక్టరు పొగగొట్టము: మార్చవలెనా? ఎట్లు బిగించవలెను?

ట్రాక్టరుకు కంపెనీవారు అమర్చిన పోతయినుప మానిఫోల్డు తీసివేసి, సిలిండరుకొక గొట్టము చొప్పున వెల్డింగు చేసిన హెడర్ పైపులు బిగించినచో ఇంజను బలము పెరుగునని కొందరు చెప్పుచున్నారు. జీపులకు, పందెపు కార్లకు ఇట్టివి అమర్చుట చూచి యువరైతులు కొందరు తమ ట్రాక్టర్లకును వానిని కోరుచున్నారు. డబ్బు ఖర్చు పెట్టుటకు ముందే ఆ గొట్టములు ఏమి చేయునో, ఏమి చేయజాలవో తెలిసికొనుట మంచిది. సేద్యపు పాఠములు చెప్పువారికి పొగగొట్టముతో పనియేమని రైతు సోదరులు అడుగవచ్చును. పండిన పంట కల్లమునకు చేరిన పిమ్మట దాని ప్రక్కన నిప్పుతో నిలుచునది ఈ గొట్టమే గదా.

పొగ వాల్వు తెరువగానే సిలిండరులోని వేడి వాయువు ఒక్కుమ్మడిగా గొట్టములోనికి దూకును. ఆ ఒత్తిడి అల గొట్టము చివరకు పోయి, అక్కడ నుండి తగ్గు ఒత్తిడి అలగా వెనుకకు మరలును. వాల్వు మూతపడుటకు కొంచెము ముందుగా అది తిరిగి వచ్చినచో, సిలిండరులో మిగిలిన పొగను బయటికి లాగును. క్రొత్త గాలికి చోటు కలుగును. హెడర్‌లోని కిటుకు ఇదియే. అయితే గొట్టము పొడవునకును ఇంజను వేగమునకును పొంతన కుదిరినప్పుడే ఇది జరుగును. లెక్క వేసి చూడుడు. వేడి పొగలో అల సెకనుకు సుమారు 500 మీటర్లు పోవును. చక్రము ఒక చుట్టులో మూడవ వంతు తిరుగు లోపల అల పోయి రావలెననుకొందము. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు పెట్రోలు ఇంజనుకు 80 సెంటీమీటర్లకు కొంచెము పైబడిన గొట్టము చాలును. నిమిషమునకు 2,000 చుట్ల దగ్గర పనిచేయు ట్రాక్టరుకో, అదే లెక్కన సిలిండరుకు రెండున్నర మీటర్ల గొట్టము కావలెను! అట్టివి మూడో నాలుగో బానెట్ క్రింద ఎక్కడ ఇముడును?

పైగా డీజిలు ఇంజను బలము పంపు కొలిచి ఇచ్చు డీజిలును బట్టి యుండును. గొట్టము మాత్రము మార్చినందువలన చెప్పుకోదగిన లాభముండదు. చప్పుడు మాత్రము పెరుగును. టర్బో ఉన్న ఇంజనుకు పొట్టి, దళసరి మానిఫోల్డే మేలు. పొగలోని వేడిమి దారిలో పోగొట్టుకొనక టర్బోను చేరవలెను. 2023 జనవరి నుండి 50 అశ్వబలము మించిన క్రొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ 4 పొగ నిబంధనలు వచ్చినవి. అట్టివాని పొగ భాగములను బయట ఎక్కడను మార్పించరాదు. వ్యవసాయ ట్రాక్టరుకు కూడ సైలెన్సరు ఉండితీరవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెప్పుచున్నవి.

కాబట్టి మానిఫోల్డు పగిలినప్పుడు అదే మోడలుకు చెందిన పోతయినుప మానిఫోల్డు కొనుడు. సైలెన్సరు మార్చునప్పుడు గొట్టపు లోవ్యాసము చూడుడు. 50 మిల్లీమీటర్ల గొట్టమునకు బదులు 40 మిల్లీమీటర్లది పెట్టినచో పొగకు కలుగు అడ్డు సుమారు మూడు రెట్లగును. దమ్ము చేయునప్పుడు ఇంజను నల్లపొగ క్రక్కి, వేడెక్కి, డీజిలు ఎక్కువ త్రాగును. చౌకగా దొరికినదని సన్నగొట్టము కొనువారు ఈ నష్టమును ప్రతి దుక్కిలోను భరించుచునే యుందురు.

బిగించు విధము

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే చేయి పెట్టవలెను. త్రుప్పు పట్టిన నట్లకు ముందునాటి రాత్రియే పలుచని నూనె వేసి నాననిచ్చినచో స్టడ్డులు విరుగవు. విరిగిన స్టడ్డును హెడ్డు నుండి తీయించుట చాల తిప్పలతో కూడిన పని. పాత గ్యాస్కెట్ ముక్కలు గీకివేసి, వంకరలేని ఉక్కుబద్దను మానిఫోల్డు ముఖములపై నిలిపి చూడుడు. సందులో వెలుతురు కనబడినచో మానిఫోల్డు వంగినదన్నమాట. లేతు షాపులో చదును చేయించవలెను. రెండు గ్యాస్కెట్లు వేసి సందు పూడ్చుట పనికిరాదు. క్రొత్త గ్యాస్కెట్ వేసి, నట్లను నడుమ నుండి చివరలకు రెండు మూడు విడతలుగా బిగించవలెను. బిగువు ఎంతయో ట్రాక్టరు పుస్తకములో ఉండును.

అర మీటరు పోతయినుము 400 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 2 మిల్లీమీటర్లు సాగును. అందుకే స్టడ్డు రంధ్రములు కొంచెము వదులుగా ఉండును. అది లోపము కాదు. సైలెన్సరు బరువంతయు మానిఫోల్డుపై వ్రేలాడకుండ బద్ద బిగించవలెను. చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు టక్‌టక్‌మని చప్పుడు వచ్చినను, గ్యాస్కెట్ ప్రక్కన మసిచారలు కనబడినను పొగ కారుచున్నదని తెలియవలెను. ఆ పొగ బానెట్ క్రింద డీజిలు గొట్టములను, వైర్లను కాల్చును.

కల్లములో జాగ్రత్త

పూర్తి పనిలో మానిఫోల్డులోని పొగ వేడిమి 400 డిగ్రీలు దాటవచ్చును. ఎండుగడ్డి అంటుకొనుటకు అంత అక్కరలేదు, 250, 300 డిగ్రీలు చాలును. నూర్పిడి దినములలో మానిఫోల్డుపై పేరుకొన్న పొట్టును ప్రతి పూట, ఇంజను చల్లారిన పిదప దులుపవలెను. చాలసేపు ఊరక నడిచిన ఇంజనుపై ఒక్కసారి బరువు పడినప్పుడు గొట్టములోని మసి నిప్పురవ్వలుగా ఎగురును. సైలెన్సరు తీసివేసిన గొట్టమునకు ఆ రవ్వలను ఆపునదేదియు లేదు. గాలి వామి మీదుగా ట్రాక్టరు వైపు వీచునట్లు యంత్రమును నిలుపుడు. రవ్వలు వామికి దూరముగా కొట్టుకొనిపోవును. రెండు బిందెల నీరు దగ్గర ఉంచుడు. తలుపులు మూసిన పాకలో ఇంజను నడుపరాదు; పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన తెలియకుండ ప్రాణము తీయును.

నిలువు గొట్టమునకు మూత లేనిచో వాననీరు సిలిండరు వరకు దిగవచ్చును. రాత్రి దానిపై ఒక డబ్బా బోర్లించినను చాలును. తెల్లవారి స్టార్టు చేయుటకు ముందు దానిని తీయవలెను.