మీకు తెలుసా? ఆపేసిన కారు ఎందుకు రొద పెడుతుందో

మే నెల, మధ్యాహ్నం రెండు. గిద్దలూరులో మా పిన్ని వాళ్లింటి ముందు కరెంటు కారు ఆపి, వరండాలోని పవర్ ప్లగ్గుకి తగిలించి, తాళం వేసి లోపలికెళ్లాను. చెంబెడు మజ్జిగ తాగేలోపే బయట బుస్సుమని ఒకటే రొద. "బండి ఆపడం మర్చిపోయావేంది అబ్బాయా?" అంది పిన్ని. తాళం నా చేతిలోనే ఉంది. బయటికెళ్లి చూస్తే బానెట్ కింద ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, చక్రాల దగ్గర నుంచి వేడిగాలి కొడుతోంది, పక్కనే పడుకున్న కుక్క లేచి ఎదురింటి అరుగెక్కింది.

అది బ్యాటరీ తనను తాను చల్లబరుచుకునే రొద. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ ఎలాగూ కొంత వేడెక్కుతుంది, ఆ రోజు దానికి ఎండ తోడైంది. మన ఒంటికి ఏ వేడి హాయిగా ఉంటుందో లిథియం బ్యాటరీకీ దాదాపు అదే హాయి: 15 నుంచి 35 డిగ్రీలు. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు మే నెలలో 45 దాటడం కొత్త కాదు. పైగా వాతావరణ శాఖ చెప్పే ఆ 45 నీడలోది. వాళ్ల థర్మామీటరు నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలాడే తెల్ల చెక్కపెట్టెలో ఉంటుంది. అదే వేళకు తారు రోడ్డు 60 దగ్గర ఉంటుంది, నమ్మకపోతే చెప్పులు విప్పి చూడండి. కారు బ్యాటరీ ఉండేది ఆ తారుకి జానెడు ఎత్తులో, సీట్ల కింద.

పెట్రోలు కార్లకూ రేడియేటర్ ఉంది కదా, ఇందులో కొత్తేముంది అంటారేమో. ఇక్కడే ఉంది తమాషా. పెట్రోలు ఇంజన్లో తిరిగే నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉంటాయి. దానికి మన వడగాడ్పు కూడా చల్లగాలే. బ్యాటరీకి కావలసింది ముప్పై చిల్లర, బయట ఉన్నది నలభై అయిదు. ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా, ఎన్ని ఫ్యాన్లు తిప్పినా, బయటి గాలికన్నా చల్లగా దేన్నీ చేయలేవు. అది చేయగలిగింది మన ఇంట్లోనే ఒకటి ఉంది: కుండ. కుండకు చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది, అందుకే గదిలోని గాలికన్నా కుండనీళ్లు చల్లగా ఉంటాయి. కారులో ఆ పని ఏసీ గ్యాస్ చేస్తుంది. గొట్టాల్లో అది ఆవిరయ్యేటప్పుడు బ్యాటరీ చుట్టూ తిరిగే నీళ్ల వేడిని లాగేసుకుంటుంది. అంటే ఎండాకాలం మీ కారులో ఏసీ మీ ఒక్కరికోసమే పనిచేయడం లేదు. ఆ రోజు గిద్దలూరులో నేను లోపల లేకపోయినా ఏసీ నడిచింది అందుకే.

ఈ ఏర్పాటు లేని కారు గతేమిటో అమెరికాలో ఒక ఊరు చూసింది. నిస్సాన్ లీఫ్ తొలి మోడళ్లలో బ్యాటరీని చల్లబరచడానికి నీళ్లూ లేవు, ఏసీ గ్యాసూ లేదు. జపాన్‌లో, ఇంగ్లండ్‌లో బాగానే నడిచాయి. అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ అనే ఎడారి ఊరుంది, ఎండల్లో మనకు అన్న. 2012 వేసవిలో అక్కడి యజమానులు గోల మొదలుపెట్టారు: కొని రెండేళ్లు కాకముందే బ్యాటరీ సామర్థ్యం చూపే గీతలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయని. ఆ తర్వాత కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికి ప్రత్యేకంగా గ్యారంటీ ఇవ్వాల్సి వచ్చింది, వేడిని తట్టుకునే కొత్త రసాయనం వెతుక్కోవాల్సి వచ్చింది. దానికి పడ్డ ముద్దుపేరు 'బల్లి బ్యాటరీ'. ఎడారిలో బల్లిలా బతుకుతుందని. మన దేశంలో 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీకి మొదటి నుంచీ నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు ఉంది. పాత కారు కొనేవాళ్లు స్టీరియో ఎంత మోగుతుందో చూసేముందు బ్యాటరీని చల్లబరిచేది గాలా, నీళ్లా అని అడగడం మంచిది.

మార్కాపురం వాళ్లకు పలకరాయి గురించి చెప్పక్కర్లేదు. పొద్దున పదింటికి ముట్టుకుంటే ఏమీ ఉండదు, సాయంత్రం ఆరింటికి ఎండ పోయాక ముట్టుకుంటే చురుక్కుమంటుంది. రాయి నిదానంగా కాగుతుంది, నిదానంగా ఆరుతుంది. కారు బ్యాటరీ కూడా రెండు మూడొందల కిలోల బరువున్న రాయే అనుకోండి. రోజంతా బస్టాండు ముందు ఎండలో పెట్టి, ఆరింటికి చల్లబడింది కదా అని హైవే మీద ఫాస్ట్ ఛార్జర్‌కి తగిలిస్తే, గాలి చల్లబడిందే గానీ బ్యాటరీ ఇంకా మధ్యాహ్నంలోనే ఉంటుంది. అప్పుడు 50 కిలోవాట్లు ఇవ్వాల్సిన ఛార్జింగ్ గన్ను ఇరవై దగ్గరే ఆగిపోతే దాన్ని తిట్టకండి. చాలాసార్లు తగ్గించమన్నది కారే. కరెంటు రెట్టింపయితే పుట్టే వేడి నాలుగింతలవుతుంది కాబట్టి, లోపలున్న కంప్యూటరు ముందు కరెంటుకే కత్తెర వేస్తుంది. తగిలించే ముందు ఓ గంట వేపచెట్టు కింద ఆపి టీ తాగండి. రేకుల షెడ్డుకన్నా వేపచెట్టే మేలు. రేకు పైనుంచి కుంపటిలా కాస్తుంది. కాకులు కారు మీద చేసే పని మాత్రం భరించాలి.

చలిదేశాల కథ దీనికి తలకిందులు. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది కరెంటువే. అక్కడ చలికాలంలో ఛార్జింగ్‌కి వెళ్లేముందు బ్యాటరీని వేడి చేస్తారు, చల్లటి బ్యాటరీ కరెంటు సరిగ్గా తాగదు కాబట్టి. అక్కడి వీడియోలు చూసి మన దగ్గర కూడా "బ్యాటరీ కాస్త వేడిగా ఉంటేనే మంచిది" అనేవాళ్లు తయారయ్యారు. మనకు దేవుడు ఆ వేడి ఉచితంగానే ఇచ్చాడు.

ఏసీ వేస్తే ఎంత దూరం తగ్గుతుంది? అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2019లో అయిదు కార్లను పరీక్షించి, 35 డిగ్రీల వేడిలో ఏసీతో నడిపితే దూరం సగటున 17 శాతం తగ్గిందని తేల్చింది. 35 డిగ్రీలంటే మనకు మార్చి నెల. మన లెక్క మనమే వేసుకుందాం. గిద్దలూరు నుంచి కంభం మీదుగా మార్కాపురం అటూఇటూగా 60 కిలోమీటర్లు. నిదానంగా పోతే చిన్న కారు ఎనిమిది యూనిట్లు తాగుతుంది. ఎండలో కాగిన కారులో ఏసీ గంటకు యూనిట్, యూనిట్నర తీసుకుంటుంది. గేదెలు అడ్డమొచ్చి, గేటు పడి ప్రయాణం రెండు గంటలైతే ఏసీ పద్దు కూడా రెట్టింపవుతుంది, ఎందుకంటే ఏసీ తినేది కిలోమీటర్లను చూసి కాదు, గడియారాన్ని చూసి. బయల్దేరే ముందు, కారు ఇంకా ప్లగ్గులో ఉండగానే ఏసీ వేసి చల్లబరిస్తే ఆ మొదటి దెబ్బ బ్యాటరీ మీద కాకుండా ఇంటి మీటరు మీద పడుతుంది.

ఇదంతా ఆ పూటకి సంబంధించిన నష్టం, రాత్రికి తీరిపోతుంది. తీరనిది వయసు. బ్యాటరీ లోపల అక్కర్లేని రసాయన చర్యలు ఎప్పుడూ సన్నగా జరుగుతూనే ఉంటాయి. పది డిగ్రీలు పెరిగితే వాటి వేగం దాదాపు రెట్టింపవుతుందని ఓ మోటు లెక్క. నూటికి నూరు నిండి ఉన్నప్పుడు ఆ చర్యలు ఇంకా జోరుగా సాగుతాయి. కాబట్టి రోహిణి కార్తెలో మనం చేయగలిగిన చెడ్డ పని కారు నడపడం కాదు. నూరు శాతం నింపి, పెళ్లికని పొరుగూరు పోయి, వారం రోజులు ఎండలో వదిలేయడం. సగం, అరవై శాతం ఉంచి నీడలో పెట్టి పోతే చాలు. ఎల్‌ఎఫ్‌పి రకం బ్యాటరీ ఉన్న కార్లను అప్పుడప్పుడు నూరు నింపమని కంపెనీలే చెబుతాయి, మీటరు లెక్క సరిగ్గా చూపడానికి. నింపండి, నింపి ఊరికే ఉంచక బయల్దేరండి.

ఎల్‌ఎఫ్‌పి అంటే లిథియం, ఇనుము, ఫాస్ఫేటు. 1990ల్లో అమెరికాలోని టెక్సాస్ యూనివర్సిటీలో గుడెనఫ్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసిన పాధి, నంజుండస్వామి దీని సంగతి లోకానికి చెప్పారు. గుడెనఫ్‌కి లిథియం బ్యాటరీల మీద చేసిన పనికి నోబెల్ 2019లో, 97 ఏళ్ల వయసులో వచ్చింది. మరీ వేడెక్కితే తప్ప అంటుకోని రకమిది. మన ఎండలకు ఇదే నయమని నా అభిప్రాయం, కాస్త బరువెక్కువైనా.

అంటుకోవడం అనగానే అందరికీ 2022 ఏప్రిల్ గుర్తొస్తుంది. నిజామాబాద్‌లో ఒకటి, కొద్ది రోజుల్లోనే విజయవాడలో ఒకటి, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ తర్వాతే కేంద్రం ఏఐఎస్ 156 అనే భద్రతా నియమాలను బిగించింది. 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమలైంది. అంతకుముందు కొన్న స్కూటర్ ఇంట్లో ఉంటే, ఎండన పడి వచ్చిన బ్యాటరీని వెంటనే ప్లగ్గులో పెట్టకండి, పడగ్గదిలో అసలే పెట్టకండి.

ఇంకో చిన్న సంగతి. కరెంటు కారులో పాతకాలపు పన్నెండు ఓల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. తలుపులు, తెర, లోపలి కంప్యూటర్లు దాని మీదే లేస్తాయి. ఎండలకు ముందు చచ్చేది తరచూ అదే. పెద్ద బ్యాటరీ నిండుగా ఉండి కారు కదలకపోతే కారణం అదే కావచ్చు.

ఎండ తప్పించుకుని రాత్రి పూట శ్రీశైలం పోదామనుకుంటే దోర్నాల దగ్గర అటవీ శాఖ గేటు ఉంది. రాత్రి తొమ్మిదికి వేస్తారు, పొద్దున ఆరుకి తీస్తారు, పులులకు ఆ మాత్రం ఏకాంతం కావాలి. ఆరింటికే గేటు దగ్గర ఉండటమే మార్గం. తిరుగు ప్రయాణానికి కొండ మీద నూరు శాతం నింపకండి. ఘాట్ దిగేటప్పుడు కారు బ్రేకు పట్టిన శక్తిని కరెంటుగా మార్చి వెనక్కి నింపుకుంటుంది. నిండిన కడవలో నీళ్లు పట్టవు కదా, అప్పుడు భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది.

చివరగా మా ఇంటి ముచ్చట. రెండేళ్ల కిందట ఏప్రిల్ ఆఖర్లో మార్కాపురంలో మా ఇంట్లో ఛార్జింగ్ పెడితే ఛార్జర్ డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. మర్నాడూ అంతే. కారు పాడైందనుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చాడు, కారు వంక చూడనే లేదు. పెరట్లోకి పోయి, ఎర్తింగ్ గుంత మూత తీసి, వేలు పెట్టి చూశాడు. "గుంత ఎండిపోయిందన్నా. రెండు బిందెలు పొయ్యండి" అన్నాడు. ఎర్తింగు పనిచేసేది మట్టిలో తడి ఉంటేనే. గుంతలో బొగ్గు వేసేది ఆ తడిని పట్టి ఉంచడానికి, ఉప్పు వేసేది కరెంటు మట్టిలోకి సులువుగా పారడానికి. మా వీధిలో నాలుగడుగులు తవ్వితే పలకరాయి తగులుతుంది, అక్కడ తడి నిలవదు. ఫ్రిజ్జు, మిక్సీ ఎర్త్ ఉందా అని అడగవు, ఉన్నా లేకపోయినా తిరుగుతాయి. కారు ఛార్జర్ ముందు ఎర్త్ చూసుకుని, అది కుదిరితేనే కరెంటు తీసుకుంటుంది.

రెండు బిందెలు పోశాం. పావుగంటకు ఆకుపచ్చ లైటు వచ్చింది. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "ట్యాంకరు కొని తాగుతున్నాం, ఇప్పుడు మీ కారుకి కూడా పొయ్యాలా?" అంది. ఇప్పుడు గిన్నెలు కడిగిన నీళ్ల గొట్టం అటు తిప్పి ఉంది.