చేపల పెంపకములో వైరసు వ్యాధులు: గుర్తించుట, జాడ తీయుట

వలపంజరములో లక్షలాదిగా పెంచబడు చేపలలో ఒక్కదానికి వైరసు సోకినను, కొలది కాలములోనే అది పెంపకందారుని సర్వస్వమును హరింపగలదు. వ్యాధి ముదిరిన పిమ్మట నయము చేయు మందు లేదు. కావున దానిని సకాలములో గుర్తించుట, ఎచ్చటినుండి వచ్చినదో తెలిసికొనుట అత్యవసరములు. ఇందుకు సాల్మన్ చేపల రక్తహీనత వ్యాధి చక్కని ఉదాహరణము.

ఈ అంటువ్యాధి మొదట 1984లో నార్వే దేశమున కనుగొనబడినది. రోగగ్రస్తమైన చేప మందకొడిగా ఈదును. మొప్పలు పాలిపోవును, కాలేయము నల్లబడును, లోపలి అవయవములలో రక్తస్రావము కలుగును. అయితే ఇట్టి లక్షణములు ఇతర వ్యాధులలోను కనిపించును. కావున కంటిచూపుతోనే నిర్ణయము చేయరాదు.

ప్రయోగశాలలో నిర్ధారణకు ముఖ్యముగా మూడు మార్గములు గలవు. మొదటిది, చేప మూత్రపిండము మున్నగు వానినుండి తీసిన సారమును సజీవకణములపై వేసి, అవి నశించునేమో చూచుట. ఇది నమ్మదగినదే గాని, దినములు, వారములు పట్టును. రెండవది, ఆ వైరసుకు మాత్రమే అంటుకొను ప్రతిరక్షకములకు మెరయు రంగును జోడించి సూక్ష్మదర్శినిలో పరీక్షించుట. మూడవది పి.సి.ఆర్. పద్ధతి. ఇందులో వైరసు ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చి, అందొక చిన్న ఖండమును కోట్ల ప్రతులుగా పెంచుదురు. ఫలితము కొన్ని గంటలలో తేలును. రోగలక్షణములు లేని చేపలోని వైరసు సైతము పట్టుబడును. కాని దొరికిన వైరసెల్ల ప్రాణాంతకము కాదు. వ్యాధి కలిగింపని రకమొకటి మొప్పలలో నుండును. దాని జన్యువులో ఒక చిన్న భాగము లోపించుట వంటి మార్పులచే అది ప్రమాదకరమగును. కావున జన్యువును చదువుటయు అవసరము.

జాడ తీయుటకు కూడ ఆ జన్యువే ఆధారము. తాళపత్ర గ్రంథమును నకలు చేసిన లేఖకుని పొరపాటు, ఆ ప్రతినుండి పుట్టిన ప్రతులన్నిటను కానవచ్చును గదా! వైరసు వంశములోని మార్పులును అట్టివే. వానిని పోల్చిచూచి బంధుత్వమును నిర్ణయింతురు.

2007లో ఈ వ్యాధి చిలీ దేశమున చిలోయే ద్వీపప్రాంతములో విజృంభించినది. 2010 నాటికి అచ్చటి అట్లాంటిక్ సాల్మన్ ఉత్పత్తి సుమారు మూడవవంతుకు పడిపోగా, వేలాది కార్మికులు ఉపాధి కోల్పోయిరి. జన్యువులను పోల్చగా, ఆ వైరసు నార్వే వైరసునుండి సుమారు 1996లో వేరుపడినట్లు అంచనా వేయబడినది. దిగుమతియైన గ్రుడ్లపై అనుమానము కలిగినది గాని, ఆ విషయమున శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. జన్యువు బంధుత్వమును చెప్పును గాని, వచ్చిన వాహనమును చెప్పదు. అందుకు ఏ హేచరీనుండి, ఏ దినమున, ఏ పడవలో సరకు వచ్చినదో తెలుపు లెక్కల పుస్తకములు కావలెను.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 1990 దశకములో తెల్లమచ్చ వైరసు ఆంధ్ర తీరపు రొయ్యల రైతులను అప్పులపాలు చేసినది. తిలాపియా చేపల వైరసు భారతదేశములో ఉన్నట్లు 2018లో వెల్లడియైనది. జలచరముల వ్యాధులపై జాతీయ నిఘా కార్యక్రమము 2013లో ఆరంభమైనది. అయినను, రైతు భయపడి వ్యాధిని దాచి, చెరువునీటిని కాలువలోనికి వదలినచో, ఏ ప్రయోగశాలయు పొరుగువానిని రక్షింపజాలదు. నష్టమును నిర్భయముగా చెప్పుకొనగల వాతావరణమును కల్పించుట, పిల్లల రాకపోకలను వ్రాసియుంచుట మొదటి చికిత్స. జీవశాస్త్ర విద్యార్థులు తమ గ్రామములకు ఈ విషయమును తెలియజెప్పినచో, వారి చదువు సార్థకమగును.