కీర్తనకు వెల కట్టవచ్చునా?

లాల్‌దర్వాజాలో మేము కాపురముండు వీథికి ఏటేట రెండు పాటల ఋతువులు వచ్చును. ఆషాఢమాసమున గోలకొండలో మొదలైన బోనాలు సికింద్రాబాదు దాటి మా సింహవాహిని మహంకాళి గుడికి చేరు ఆదివారము నాటికి, ఆ యేటి క్రొత్త అమ్మవారి పాటలన్నియు మా కిటికీ తలుపులను గడగడలాడించి పోవును. రెండవ ఋతువు డిసెంబరు నెలలో వచ్చును. అది అంత రొద చేయదు. సంధ్యవేళ ఎదురింటి పెద్దమ్మగారి వసారాలోనుండి క్రొత్త క్రైస్తవగీతములు మెల్లగా వినవచ్చును. ఆమె మనుమరాండ్రిద్దరు ఏ పాట ఏ గాయని పాడినది, నిరుటి పాటలు మేలా, ఈ యేటివి మేలా యని అన్నము చల్లారువరకు వాదులాడుకొందురు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు పోవునప్పటికి క్రొత్త పాటలు వారికి కంఠస్థములై యుండవలెను. లేనిచో తోడి బాలికలలో తలవంపట!

మేము హిందూ కుటుంబమున బుట్టి, తండ్రిగారి యొద్ద భాగవతమును వసుచరిత్రమును చదువుకొన్నవారము. ఆ పాటలు మొదట మాకు పరాయివిగానే యుండెను. ఇప్పుడు వంటయింట వానిని కూనిరాగము తీయుచు మావారికి రెండు మారులు పట్టుబడితిమి.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఒక రేకు పెట్టె. గడచిన క్రిస్మసుకు ముందు పెద్దమ్మగారు ఇంటికి సున్నము వేయించుచు సామానంతయు మా వరండాలో పెట్టించిరి. ఒక పెట్టె మూత సరిగా పడక తెరచుకొనెను. అందు చీరలుండునని యనుకొంటిమి. ఉన్నవి కాసెట్టులు, నూటికి పైబడి. ఒక్కదానికైనను పైపొర చినుగలేదు. అట్టమీద పావురము, ఉదయించుచున్న సూర్యుడు, 1998 అను అంకె. వెనుకప్రక్క ఎనిమిది పాటల పేర్లు. అయిదవ పాట కెదురుగా, సన్నని అక్షరములతో, పెద్దమ్మగారి పేరు.

ఆమె ఆ కాలమున ఒక ప్రభుత్వ వైద్యశాలలో నర్సు. రెండవ కుమారుడు విషజ్వరముతో ఇరువది దినములు మంచము పట్టినప్పుడు, రాత్రి డ్యూటీల నడుమ ఒక నోటుపుస్తకములో ఆ పాటను వ్రాసికొనిరట. బిడ్డ కోలుకొన్నాడు. పాటను సంఘములోని స్త్రీల కూటమున పాడిరి. ఒకరినుండి యొకరికి పాకి అది నాలుగు సంఘములకు చేరినది. అప్పుడు పాటల కాసెట్టులు చేయించు నొకాయన వచ్చి, “అమ్మా, ఈ పాటను మా ఆల్బములో వేయుదము, ఖర్చులో మీ వంతు పదునెనిమిదివేలు” అనెను. పెద్దమ్మగారు రెండు గాజులు తాకట్టు పెట్టి యిచ్చిరి. కాగితము లేదు, సంతకము లేదు. బదులుగా ఆమెకు ముట్టినవి మూడువందల కాసెట్టులు. ఒక్కొక్కటి ముప్పది రూపాయలకు అమ్ముకొమ్మనిరి. అన్నియు అమ్ముడుపోయినను తొమ్మిదివేలే వచ్చును గదా! ఈ చిన్న లెక్క నాడు ఆమెకు చెప్పినవారు లేరు. ఆదివారము గుడి వాకిట కొన్ని అమ్మిరి, అనేకము ఊరక పంచిరి, మిగిలినవి పెట్టెలో పడినవి. గాజులు విడిపించుటకు నాలుగేండ్లు పట్టినది.

ఇంతవరకైన ఇది పాత కథ. నిరుడు పెద్ద మనుమరాలు యూట్యూబులో ఒక క్రొత్త ఆల్బము వినుచు కేక వేసెను. అది నాయనమ్మ పాటయే! గాయని వేరు, వాద్యములు వేరు, పల్లవియు చరణములును అక్షరము పొల్లుపోలేదు. క్రింద ‘రచన’ అనుచోట ‘సాంప్రదాయ గీతము’ అని వ్రాసిరి.

కోడలు మండిపడినది. పెద్దమ్మగారు మాత్రము మా గడపలో కూర్చుండి అడిగిరి: “దేవుని పాటకు పైసలడిగితే పాపం కాదా, బిడ్డా?”

మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. మా చదువు పోతన పక్షమున నిలిచినది. భాగవతమును రాజుల కంకిత మియ్యనొల్లక హాలికుడై బ్రతికిన మహానుభావుడని చిన్ననాటినుండి వింటిమి. భక్తిని అమ్ముకొనరాదు. కాని మరునాడు అన్నమాచార్యులు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరచిరి. ఎంత భద్రమనగా, 1922 ప్రాంతమున వెలికివచ్చువరకు వానిలో అధికభాగము లోకమునకు తెలియదు. ఆ తరువాత అచ్చువేసినవారు, స్వరపరచినవారు, రికార్డులు చేసి అమ్మినవారు ఉండుట చేతనే గదా నేడు మన పిల్లలు వానిని పాడుచున్నారు! అమ్మకము పాటకు కీడే చేయునన్న మా నమ్మకము కొంత సడలినది.

తెలుగు క్రైస్తవుల పాటలకును ఇట్టి చరిత్రయే కలదు. వారి ఆదికవులలో ముఖ్యుడు పురుషోత్తమ చౌదరిగారు (1803–1890). వంగదేశ మూలముగల బ్రాహ్మణ కుటుంబమున బుట్టి 1833లో క్రైస్తవుడైన యాయన, ఆంగ్లపు వరుసలకు తెలుగుమాటలు అతికించుటతో తృప్తిపడక, మన కీర్తనల పద్ధతినే పల్లవి, చరణములతో, రాగతాళములతో పాడెను. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను పుస్తకమును తెరచినచో పెక్కు పాటల తలమీద రాగము, తాళము కనబడును. రామదాసు కీర్తనలు విన్న చెవికి అవి క్రొత్తగా తోచవు. పెద్దమ్మగారి అత్తగారు ఆ పుస్తకమును బొడ్డులో దోపుకొని పొలమునకు పోయెడివారట. హైదరాబాదులోని హెబ్రోనును కేంద్రముగా జేసికొని భక్తసింగుగారు (1903–2000) నడపిన సహవాసములవారికి ‘సీయోను గీతములు’ వేరే కలవు. ఈ పుస్తకములును డబ్బుకే అమ్ముడుపోయినవి. అయినను పుస్తకమును కొన్నవారు పాటను తామే పాడుకొనవలెను గదా. గాయకుని గొంతు అమ్మకమునకు రాలేదు.

గొంతును సరకు చేసినది యంత్రము. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారు పాటలు పట్టనారంభించిరి. అది పెద్ద మూలధనముగల వ్యాపారము. ఎవరి గొంతు పలకకెక్కవలెనో వారే నిర్ణయించిరి. 1963లో ఫిలిప్సువారు తెచ్చిన కాసెట్టు, మన దేశమున 1980 తరువాత ఇల్లిల్లు చేరి, ఆ పెత్తనమును విరిచివేసెను. చిన్న స్టూడియో రెండు దినములు అద్దెకు దొరికిన చాలును, ఒక కీబోర్డు వాయించువాడు, ఒక గాయకుడు కుదిరిన చాలును, పల్లెటూరి బోధకుడు కూడ ఆల్బము చేయగలడు. 1978లో విజయచందరుగారి ‘కరుణామయుడు’ చిత్రము వచ్చి, అందు బాలసుబ్రహ్మణ్యముగారు పాడిన పాట గుడిలేని ఊళ్లకును ప్రాకిన పిమ్మట, సినిమా గాయకులచేత పాడించిన కాసెట్టులకు గిరాకి హెచ్చినది. పేరున్న గాయకునికి పాట కింతయని రొక్కము ముందే ముట్టవలెను. స్టూడియోకు, వాద్యగాండ్రకు, అట్టలు అచ్చువేసినవానికిని అంతే. వ్రాసిన యమ్మకు మాత్రము ‘ప్రభువు దీవించును’ అని చెప్పి సరిపుచ్చినవారు లేకపోలేదు.

అమ్మకమైనను బజారులో కంటె మహాసభల పందిళ్లలోనే హెచ్చు. ప్రసంగము ముగిసి జనము లేచు వేళకు బల్లమీద కాసెట్టులు పేర్చియుంచుదురు. కన్నీరు తుడుచుకొనుచు వచ్చినవారు బేరమాడరు. గుంటూరులోని హోసన్నా మందిరమువారివలె కొన్ని సంస్థలు ఏటేట నూతన సంవత్సరమునకు క్రొత్త పాటల సంపుటము వెలువరించు ఆచారము పెట్టుకొనిరి. మన వీథి బాలికల నిరీక్షణమంతయు ఇట్టివాని కొరకే.

కాసెట్టు పోయినది, దాని వెనుక వచ్చిన సీడీయు పోయినది. ఇప్పుడు పాట ఊరకే దొరకును. ఖర్చు మాత్రము ఊరకే పోదు గదా. అది చందాలనుండియో, సభలనుండియో, యూట్యూబు ప్రకటనలనుండియో రావలెను. అందుచేత వినువారి సంఖ్యయే ధనము. ఎవరి ఖాతాలో ఆ సంఖ్య చేరినదో వారిదే పాట యన్నట్లున్నది లోకము.

ఇట్టి చిక్కు మనకే కలిగినది కాదు. అమెరికాలో ఫానీ క్రాస్బీ (1820–1915) అను అంధురాలు ఎనిమిదివేలకు పైగా క్రైస్తవగీతములు వ్రాసెను. పాటకు ఒకటి రెండు డాలర్లు ఆమెకు దక్కెడివి. పుస్తకములపై లాభము ప్రకాశకులది. ఒక్క స్త్రీ పేరే పుటపుటను కనబడుట బాగుండదని ఆమె పాటలను వందకుమించిన మారుపేర్లతో అచ్చువేసిరి. ఇది చదివిననాడు మేము పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిమి.

అదే దేశమున కీత్ గ్రీన్ అను యువగాయకుడు మరియొక త్రోవ త్రొక్కెను. దేవుని పాటకు వెల పెట్టనని, స్పారో అను కంపెనీతో ఒడంబడిక విడిపించుకొని, ఇల్లు తనఖాపెట్టి, 1980లో సొంతముగా ఒక ఆల్బము వెలువరించెను. ఇయ్యగలిగినంత ఇండు, లేనిచో ఊరకే తీసికొండు అనెను. 1982 మే నాటికి రెండు లక్షలకు పైగా ప్రతులు పోగా, వానిలో 61,000 ఉచితముగా పోయినవట. ఆ జూలైలోనే అతడు విమాన ప్రమాదమున మరణించెను. అతడు విడిచిన స్పారో కంపెనీని పదేండ్లకు, 1992లో, సకలవిధముల పాటలు అమ్ము ఇ.ఎమ్.ఐ. వారు కొనిరి. ఇల్లు తనఖాపెట్టిన గ్రీను కథ చెప్పగా పెద్దమ్మగారు తన గాజులు తడవుకొని, “ఆయన తెలిసి ఇచ్చెను బిడ్డా, నేను తెలియక ఇచ్చితిని” అనిరి. మా ప్రశ్నకు అంతకన్న మంచి ఉత్తరము మేము ఏ గ్రంథమునను చూడలేదు.

మావారు బడి గ్రంథాలయమునుండి 1957 నాటి కాపీరైటు చట్టమును తెచ్చి రెండు రాత్రులు చదివిరి. అందు మనవంటివారికి పనికివచ్చునవి ఇవి. పాట వ్రాసినవారే దానికి మొదటి హక్కుదారులు, రిజిస్టరు చేయించుకొనకపోయినను. ఆ హక్కు రచయిత జీవితకాలము, తరువాత 60 ఏండ్లు ఉండును. (చౌదరిగారి కీర్తనలు ఎవరైనను స్వేచ్ఛగా పాడి అమ్ముకొనవచ్చునన్నమాట.) హక్కును ఇతరుల కిచ్చుట వ్రాతమూలకముగా, సంతకముతో జరుగవలెను. గడువు చెప్పనిచో అయిదేండ్లే చెల్లును. 2012లో చేసిన సవరణ ప్రకారము రికార్డులలోని పాటలకు వచ్చు రాయల్టీలో తన వంతును రచయిత వదలుకొన్నట్లు వ్రాసి యిచ్చినను అది చెల్లదు. ఇట్టి వంతులు వసూలుచేసి రచయితలకు పంచుటకు 1969లో ఏర్పడిన ఐ.పి.ఆర్.ఎస్. అను సంస్థ యున్నది. ఇక, హక్కు అమ్ముకొన్న తరువాతను ‘ఇది నేను వ్రాసినది’ అని చెప్పుకొను అధికారము రచయితను వీడిపోదు.

పెద్దమ్మగారికి గల మరియొక భయమును కూడ ఆ పుస్తకమే తీర్చినది. “నేను హక్కు అంటే సంఘములో పాడుకొనువారికి ఆటంకమగునేమో” అని ఆమె బాధ. నిజమైన ఆరాధనలో పాడుకొనుట నేరము కాదని చట్టమే చెప్పుచున్నది. అడ్డు వచ్చునది పాటను రికార్డు చేసి లోకమునకు వదలినప్పుడు. ఇతరుల ట్రాకు వేసికొని పాడిన ఆరాధనను యూట్యూబులో పెట్టిన సంఘములకు, ఆ ట్రాకు హక్కుదారుల పేర నోటీసులు వచ్చుట ఇప్పుడు మామూలే.

కోడలు సొమ్ము అడుగవలెననెను. పెద్దమ్మగారు పేరు చాలుననిరి. మేము కోడలి పక్షము. ఇరువది యేండ్లు రాత్రులు మేల్కొని జీతము తెచ్చిన స్త్రీ పదునెనిమిదివేలు పోగొట్టుకొనుట చిన్న సంగతి కాదు. వాద్యగాడు కూలి పుచ్చుకొన్నచో భక్తి చెడదు గాని వ్రాసినామె పుచ్చుకొన్నచో చెడునా? అయినను పాట ఆమెది, నిర్ణయమును ఆమెదే.

ఉత్తరము మావారు వ్రాసిరి. నోటుపుస్తకములోని పుట, తేదీతో సహా, ఫొటో తీసి జతచేసిరి. అంతకంటె గట్టి సాక్ష్యము పెట్టెలోనే యుండెను. 1998 అను అంకెతో, అయిదవ పాట కెదురుగా పేరుతో, అమ్ముడుపోని కాసెట్టు! ఇన్నేండ్లు ఇంటిలో చోటు తినుచున్నదని కోడలు ఎన్నిమార్లో పారవేయబోయిన సరకు అది.

మూడు వారములకు ఆ ఆల్బమువారు మారు మాట లేకుండ క్రిందనున్న వ్రాతను దిద్దిరి. ‘సాంప్రదాయ గీతము’ పోయినది. దాని స్థానమున ‘రచన: సహోదరుడు’ అని పెట్టి, పెద్దమ్మగారి పేరు వ్రాసిరి.

మనుమరాండ్రు తలలు పట్టుకొనిరి. పెద్దమ్మగారు మాత్రము కండ్లనీరు వచ్చునట్లు నవ్వి, “ముసలితనములో మగవాణ్ణి చేసిండ్రు” అనిరి. రెండవ ఉత్తరమును ఈ మారు ఆమెయే చెప్పి మాచేత వ్రాయించిరి. ‘సహోదరి’ అని దిద్దవలెననియు, 1998లో తన వంతుగా ఇచ్చిన సొమ్ము సంగతి ఆనాటి ఆల్బము చేయించినవారితో వేరుగా మాటలాడెదననియు అందులో నున్నది. ఆ రెండవ వాక్యము చెప్పునప్పుడు ఆమె మా వంక చూడలేదు.

జవాబు ఇంకను రాలేదు. రేకు పెట్టె సున్నము ఆరిన గదిలోనికి తిరిగిపోయినది, కాని ఈసారి మంచము క్రిందికి కాదు, బీరువా మీదికి. ఒక కాసెట్టును ఆమె మాకిచ్చిరి. దానిని వినిపించు యంత్రము మా యింట లేదు. కోఠిలో ఎవరైన బాగుచేసిన పాతది దొరకునేమో కనుగొనుమని మావారితో చెప్పితిమి.