మెగాపిక్సెళ్లు పెరిగితే వెలుతురు పెరుగుతుందా?

పెట్టె మీద 108 మెగాపిక్సెళ్లని రాసి ఉన్న కొత్త ఫోనుతో రాత్రి ఇంట్లో ఫోటో తీస్తే పాప ముఖం అలికినట్టు నునుపుగా వస్తుంది, జుట్టు ఒక్క ముద్దగా కనిపిస్తుంది. చాలామంది వెంటనే అనేది కంపెనీ మోసం చేసిందని. నిజానికి ఆ అంకె అబద్ధం కాదు. అది చెప్పేది సెన్సరు మీద ఎన్ని గడులున్నాయని మాత్రమే. ఫోటో బాగోగులు తేల్చేది ఆ గడులన్నిటి మీదా కలిపి ఎంత వెలుతురు పడిందన్నది. గడిలో ఫోటాను పడితే ఎలక్ట్రాను విడివడుతుంది. అలా పోగైన ఎలక్ట్రాన్ల లెక్కే ఆ చోటి వెలుగు. అయితే ఫోటాన్లు ఒక క్రమంలో రావు. సగటున 10,000 పడే చోట లెక్క ఓ వంద అటూ ఇటూ అవుతుంది. ఒక శాతం తేడా కంటికి ఆనదు. సగటున 100 మాత్రమే పడే చోట తేడా పది, అంటే పది శాతం. చీకటి ఫోటోల్లో కనిపించే ఆ గరుకే నాయిస్. ఇది తయారీ లోపం కాదు, వెలుతురు స్వభావమే అంత. ఎంత ఖరీదైన సెన్సరుకూ దీన్నుంచి మినహాయింపు లేదు.

పోగైన ఎలక్ట్రాన్లను పోగొట్టకుండా లెక్కపెట్టడం మరో చిక్కు. సెన్సరు కథలో అసలు రుచి ఇక్కడే ఉంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ రూపొందించిన సీసీడీ అనే సెన్సరు ఓ పద్ధతి చూపింది. స్లాబు పోసేటప్పుడు కూలీలు తట్టలు చేతులు మార్చినట్టు, ప్రతి గడీ తన ఎలక్ట్రాన్లను పక్క గడికి అందిస్తుంది. చివర, మూలనున్న ఒకే యాంప్లిఫయరు అన్నిటినీ కొలుస్తుంది. కొలత చాలా శుభ్రంగా వస్తుంది. కానీ ఒక్కో మార్పులో పదివేలలో ఒక వంతు జారిపోయినా, వెయ్యి మార్పులయ్యేసరికి దాదాపు పదో వంతు మాయమవుతుంది. అంతరిక్షంలో రేడియేషన్ సిలికాన్‌ను దెబ్బతీసే కొద్దీ ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. వ్యోమనౌకల కెమెరాలను చిన్నవి చేసే పనిలో ఉన్న నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ ఇంజినీరు ఎరిక్ ఫోసమ్ 1990ల తొలినాళ్లలో ఈ పద్ధతిని తిరగేశాడు: మోసుకెళ్లడం ఎందుకు, ప్రతి గడిలోనూ ఓ యాంప్లిఫయరు పెడితే పోలేదా? ఆలోచన పాతదే, అడ్డుపడింది నాయిసే. గడిని ఖాళీ చేసిన ప్రతిసారీ అడుగున కొంత మిగులు ఉండిపోతుంది, ఆ మిగులు ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు. సీసీడీలో అప్పటికే వాడుకలో ఉన్న ఉపాయాన్నే ఫోసమ్ బృందం గడి లోపలికి తెచ్చింది: ముందు ఖాళీ గడిని కొలవాలి, తర్వాత ఎలక్ట్రాన్లను అందులోకి వదిలి మళ్లీ కొలవాలి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేయాలి. మిగులు ఎంతున్నా రెండు కొలతల్లోనూ ఉంది కనుక కొట్టుకుపోతుంది. ఇంత చిన్న తీసివేత లెక్క, గడిగడికీ యాంప్లిఫయరుండే ఈ సీమాస్ సెన్సరును నిలబెట్టింది. మామూలు చిప్పుల కర్మాగారంలో తయారవుతుంది, కరెంటు తక్కువ తాగుతుంది. ఇక ఫోనులోకి రావడానికి అడ్డేముంది? బాయిల్, స్మిత్‌లకు 2009లో నోబెల్ వచ్చేనాటికే ఫోన్లలో సీమాస్ పాతుకుపోయింది.

గడి ఇంత బాగా కొలిచేటప్పుడు గడులు ఎక్కువైతే నష్టమేమిటని అడగొచ్చు. నష్టం లేదు, లాభమే అనుకున్నంత లేదు. 2019లో వచ్చిన శాంసంగ్ 108 మెగాపిక్సెళ్ల సెన్సరులో ఒక్కో గడి 0.8 మైక్రాన్లు. ఎఫ్/1.8 లెన్సు ఎంత నిర్దోషంగా ఉన్నా ఆకుపచ్చ కాంతి బిందువును సుమారు 2.4 మైక్రాన్ల చుక్క కన్నా చిన్నదిగా కుదించలేదు. ఒక్కో చుక్క అడ్డంగానే మూడు గడులను కప్పేస్తుంది. అందుకే ఇలాంటి సెన్సర్లు పక్కపక్క గడులను ఒకే రంగు ఫిల్టరు కింద పెట్టి, నాలుగేసో తొమ్మిదేసో కలిపి ఒకటిగా లెక్కిస్తాయి. 108ని 9తో భాగిస్తే 12. తొమ్మిదేసి కలిపే ఫోనులో చేరే ఫోటో మామూలుగా ఆ పన్నెండు మెగాపిక్సెళ్లే. పోనీ, గడులే పెద్దవి చేస్తే? 2013లో హెచ్‌టీసీ వన్ ఆ పనే చేసింది: 2 మైక్రాన్ల గడులు, నాలుగే మెగాపిక్సెళ్లు. సెన్సరు వైశాల్యం మాత్రం తోటి ఫోన్లంతే, అందుకని మొత్తం వెలుతురు పెరగలేదు, పగటి ఫోటోల్లో వివరం మాత్రం తగ్గింది. ఆ 108 మెగాపిక్సెళ్ల సెన్సరు వైశాల్యం సుమారు 69 చదరపు మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాది 864. లెన్సు ఎఫ్-సంఖ్య ఒకటే అయితే పన్నెండు రెట్లు ఎక్కువ వెలుతురు దానిమీద పడుతుంది.

మరి 2017 నుంచి 2020 దాకా గూగుల్ పిక్సెల్ ఫోన్లు 12 మెగాపిక్సెళ్ల దగ్గరే ఆగి, చిన్న సెన్సరుతోనే అంత మెప్పు ఎలా పొందాయన్నది న్యాయమైన ప్రశ్నే. అవి వెలుతురును కాలంలోంచి అప్పు తెచ్చుకున్నాయి: వెంటవెంటనే తీసిన తొమ్మిది ఫ్రేములను కలిపితే నాయిస్ మూడో వంతుకు పడిపోతుంది. పాప కదలనంతవరకే ఈ అప్పు పుడుతుంది. కదిలితే ఫ్రేములు ఒకదానిమీద ఒకటి అతకవు, అప్పుడు సాఫ్ట్‌వేరు గరుకును చెరిపే పనికి దిగుతుంది. జుట్టుకూ గరుకుకూ తేడా తెలియక రెండింటినీ చెరిపేస్తుంది. ఫోనుకీ ఫోనుకీ ఉండే తేడా చాలావరకు ఈ చెరపడంలోనే ఉంటుంది. చవక ఫోన్లు మరీ ఉదారంగా చెరుపుతాయి.

సెన్సరునే పెద్దది చేయొచ్చుగా అంటే, చేస్తున్నారు. కాకపోతే సెన్సరు అడ్డం రెట్టింపైతే, అదే దృశ్యం పట్టడానికి లెన్సు కూడా రెట్టింపు దూరం జరగాలి. ఎనిమిది మిల్లీమీటర్ల ఫోనులో అంత లోతు లేదు. 2012 నాటి నోకియా 808 వీపు మీద గూని అందుకే, నేటి ఫోన్ల వెనక ఉబ్బెత్తు దిమ్మెలూ అందుకే. కొనేటప్పుడు చూడాల్సిన అంకె 1/1.3 అంగుళం అనో 1/2.5 అంగుళం అనో స్పెసిఫికేషన్లలో ఓ మూల ఉంటుంది. కింది సంఖ్య పెరిగే కొద్దీ సెన్సరు చిన్నది. ఆ అంగుళాన్ని టేపు పెట్టి కొలవకండి: ఒక అంగుళం రకం సెన్సరు మూల నుంచి మూలకు 16 మిల్లీమీటర్లే, ఎందుకంటే ఆ కొలత పాత టీవీ కెమెరాల గాజు గొట్టం బయటి వ్యాసానిది.