దుర్గము చెరువు గట్టున ఒక ఉదయము

గడచిన ఆదివారమునాడు మేము అత్తగారిని వెంటబెట్టుకొని, తెల్లవారకమున్నే హైటెక్ సిటీ చెంతనున్న దుర్గము చెరువునకు పోతిమి. పూర్వము గోలకొండ కోటవారికి మంచినీరొసగిన చెరువిది. దానిపై 2020లో తెరచిన తీగలవంతెన నీడ నీటిలో కదలాడుచుండెను. కెమెరా చేతబట్టి గట్టువెంట నడచుచు వంతెనను, గుండ్రాళ్లను, కొంగలను ఫొటోలు తీసితిమి.

1892లో రాజా దీనదయాళుగారు హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగ ఛాయాచిత్రశాల నెలకొల్పిరి. దానిని నడపినవారును ఒక ఆంగ్లవనితయే. నాడు గోడలచాటున జరిగిన పని నేడు చెరువుగట్టున జరుగుచున్నది. అయినను మా యింటి ఫొటోలలో అత్తగారు లేనేలేరు. ఫొటో తీయువేళ వారెప్పుడును వంటయింటనే యుండిరి. ఆనాడు వారిని రాతిపై కూర్చుండబెట్టి తీసితిమి.

సోదరీమణులారా! మీ యిండ్ల పెద్దలను ముందుగా తీయుడు. వంతెన రేపును ఉండును.