ఇంటి కంప్యూటరులో అక్షర రక్షణ

అక్షరమనగా నశింపనిదని వైయాకరణులు వ్యుత్పత్తి చెప్పుదురు. తాటియాకుపై గంటముతో వ్రాసిన అక్షరమునకు చెదలు శత్రువు. కాగితముపై వ్రాసినదానికి చెమ్మ శత్రువు. ఇంటి కంప్యూటరులో వ్రాసిన అక్షరమునకు ఆ చెదలును లేవు, ఆ చెమ్మయు లేదు. అయినను అది చెడుచున్నది. పదేండ్ల క్రిందట వ్రాసి దాచిన ఉత్తరమును నేడు తెరచినచో అక్షరములకు బదులు ఖాళీ గడులు కనబడును. లేదా ప్రశ్నార్థకముల వరుస కనబడును. "యంత్రమునకు తెలుగు రాదు" అని విసిగి, ఆంగ్లలిపిలో తెలుగు వ్రాయుటకు అలవాటు పడినవారు ఎందరో కలరు. నిజమునకు యంత్రమునకు తెలుగు వచ్చును. చేయవలసిన చిన్న చిన్న సవరణలు ఇంటివారికి తెలియకపోవుటయే లోపము. ఆ సవరణలకు సాంకేతిక విద్య అక్కరలేదు. చిన్ననాడు బడిలో దిద్దిన గుణింతమును, సంయుక్తాక్షరముల పాఠమును మరువకున్న చాలును.

పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురమునకు సమీపముననున్న మొగల్తూరు పేరునే ఉదాహరణముగ తీసికొనవచ్చును. కొబ్బరితోటల నడుమ, సముద్రతీరమునకు చేరువలోనున్న ఈ ఊరు సినీనటులు కృష్ణంరాజు, చిరంజీవి గార్ల స్వస్థలమగుటచే, దాని పేరు తెలుగువారున్న దేశములన్నిట వినబడుచున్నది. కంటికి ఆ పేరులో నాలుగే అక్షరములు: మొ, గ, ల్తూ, రు. కంప్యూటరు మాత్రము దానిని తొమ్మిది గుర్తులుగ దాచుకొనును: మకారము, ఒత్వము, గకారము, లకారము, పొల్లు, తకారము, కొమ్ముదీర్ఘము, రకారము, కొమ్ము. ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క సంఖ్య. ప్రపంచ లిపులకు ఇట్లు సంఖ్యలు నిర్ణయించు ప్రమాణమే యూనికోడ్. 1991లో వెలువడిన తొలి కూర్పునందే తెలుగునకు స్థానము లభించెను. దానికి కేటాయించిన స్థానములు 128. అందు అచ్చులున్నవి, హల్లులున్నవి, గుణింతపు గుర్తులున్నవి. ఒత్తులు మాత్రము వేరుగ లేవు. హల్లు, పొల్లు, మరియొక హల్లు వరుసగ వచ్చినచో రెండవ హల్లు ఒత్తుగ మారవలెనని కంప్యూటరును నడపు ఆపరేటింగ్ సిస్టమ్ గ్రహించి తెరపై చూపును.

కనుక అక్షరము తెరపైకి వచ్చుటకు మూడు పనులు జరుగవలెను. సంఖ్యలు చెక్కుచెదరక నిలువవలెను. వానిని అక్షరములుగ కూర్చవలెను. ఫాంటులోని ఆకృతులను వానికి తొడుగవలెను. వీనిలో ఏది తప్పినను తెలుగు చెడినట్లే కనబడును. అయితే చెడిన తీరు ఒక్కటి కాదు. నాడిని బట్టి వైద్యుడు రోగమును గుర్తించినట్లు, తెరపై కనబడు లక్షణమును బట్టి దోషమెక్కడనున్నదో ఇంటివారే తెలిసికొనవచ్చును. ముఖ్యమైన లక్షణములు నాలుగు.

మొదటిది ఖాళీ గడులు. చూచుటకు భయము గొల్పునది ఇదియే. నిజమునకు భయపడనక్కరలేనిదియు ఇదియే. సంఖ్యలు భద్రముగనున్నవి, వానికి తొడుగవలసిన ఆకృతులు మాత్రము ఆ యంత్రములో లేవని దీని అర్థము. మైక్రోసాఫ్టు సంస్థ 2001లో విడుదల చేసిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చెను. గౌతమి గోదావరికే మరియొక పేరు. అయినను ఆ వ్యవస్థలో భాషల ఎంపికకు వెళ్లి, సంయుక్తలిపులకు సంబంధించిన చోట టిక్కు పెట్టి, అదనపు ఫైళ్లను ఎక్కించినగాని తెలుగు సరిగ కూడెడిది కాదు. ఆ ఒక్క టిక్కు తెలియని ఇంట తెలుగు తెలుగుగ కనబడకపోయెను. పిమ్మట 2009 నాటి విండోస్ 7తో వాణి, 2012 నాటి విండోస్ 8తో నిర్మల అను ఫాంటులు వచ్చెను. నేటి విండోస్ 11లో తెలుగు చదువుటకు ప్రత్యేకముగ చేయవలసినదేమియు లేదు. పాత పత్రములు నాటి గౌతమి, వాణి రూపములతోనే కనబడవలెనన్నచో, సెట్టింగులలో ఆప్షనల్ ఫీచర్స్ అనుచోట తెలుగు అనుబంధ ఫాంటులను ఎంచి ఎక్కించుకొనవలెను.

ఇక వేరు అందముల అక్షరములు కావలెనన్నచో వానికిని కొదువ లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంటులను తెలుగువారు చిరకాలముగ వాడుచున్నారు. ప్రవాసాంధ్ర సంస్థయగు సిలికానాంధ్ర ఉచితముగ అందించిన ఫాంటులకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని పేర్లు పెట్టబడినవి. అష్టదిగ్గజములలో నలువురు ఇట్లు ఇంటింటి కంప్యూటరులో కొలువు తీరుటకు సిద్ధముగనున్నారు. ఫాంటు ఫైలును దింపుకొని, దానిపై మౌసు కుడిమీట నొక్కి, ఇన్‌స్టాల్ అను మాటను ఎంచుకొనుటతో పని ముగియును.

రెండవ లక్షణము ప్రశ్నార్థకములు. అసలైన ఆపద ఇదియే. పాత నోట్‌ప్యాడులో తెలుగున వ్రాసి భద్రపరచునపుడు, ఆ ఫైలు ఆంగ్లాది లిపులకే చాలిన పాత పద్ధతిలో దాచబడుచున్నదనియు, కొన్ని అక్షరములు పోవుననియు యంత్రము ఒక హెచ్చరిక చూపెడిది. దానిని చదువకయే సరేయని మీట నొక్కినవారి తెలుగు అక్షరములన్నియు ప్రశ్నార్థకములుగ మారెను. ఖాళీ గడి వెనుక అక్షరము దాగియున్నది. ప్రశ్నార్థకము వెనుక ఏమియు లేదు. ఏ ఫాంటు తెచ్చినను అది మరల రాదు. అక్షరము నిజముగ క్షరమగుట ఇక్కడనే. 2019 నాటి విండోస్ 10 కూర్పునుండి నోట్‌ప్యాడు యూటీఎఫ్-8 అను పద్ధతినే సహజముగ పాటించుచున్నది. ఆ పద్ధతిలో తెలుగునకు లోటు లేదు. పాత యంత్రము వాడువారు సేవ్ యాజ్ అని ఎంచి, క్రింద ఎన్‌కోడింగ్ అనుచోట యూటీఎఫ్-8 ఉన్నదో లేదో చూచుకొనవలెను. ఈ సవరణకు ఒక క్షణము పట్టును. దానిని మరచినచో పోయినది తిరిగి రాదు.

మూడవ లక్షణము అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. యూనికోడ్ వ్యాప్తికి రాకముందు తెలుగు ముద్రణకు వేరొక ఉపాయము పుట్టెను. ఆంగ్లాక్షరముల సంఖ్యలనే ఉంచి, ఫాంటులో మాత్రము ఆ స్థానములందు తెలుగు ఆకృతులను అమర్చిరి. ముద్రణాలయములలోను, డీటీపీ కేంద్రములలోను అను ఫాంటులు ఈ మార్గముననే విశేషముగ వ్యాపించెను. శుభలేఖలు మొదలు కావ్యవ్యాఖ్యల వరకు ఎన్నో పత్రములు ఇట్లు కూర్పబడినవి. ఆ ఫాంటు ఉన్న యంత్రములో అది తెలుగు. లేని యంత్రములో అది పిచ్చిగీత. ఇచట తెలుగు వేషము మాత్రమే, లోనున్నది ఆంగ్లసంఖ్య. కనుక దీనికి రెండంచెల చికిత్స కావలెను. ముందు ఆ నాటి ఫాంటును ఎక్కించి పత్రమును చదువదగినదిగ చేసికొనవలెను. తరువాత మార్పిడి సాధనముతో యూనికోడ్ లోనికి మార్చి, మూలముతో పోల్చి అచ్చుతప్పులు దిద్దవలెను. ఒత్తులు తారుమారగుట ఈ మార్పిడిలో సాధారణము. మూలపు ఫైలును పారవేయరాదు. దిద్దిన ప్రతితోపాటు దానినికూడ దాచవలెను. పెద్దలు వ్రాయించిన వంశచరిత్రయో, గ్రామచరిత్రయో ఈ రూపములో ఇంట ఉన్నచో ఆ పని ఫాంటు దొరకుచుండగనే చేయుట మేలు.

నాల్గవ లక్షణము చుక్కల సున్న. చుక్కలతో గీచిన ఒక వలయమును, దానిని అంటుకొని ఒక గుణింతపు గుర్తును తెరపై ప్రత్యక్షమగును. తనకు ఆధారమైన హల్లు లేక గుణింతము ఒంటరియైనదని వ్యవస్థ చెప్పు విధమిది. దోషము యంత్రములో లేదు. వ్రాసిన వరుసలో ఉన్నది. ఈ చోటనే బడిపాఠము అక్కరకు వచ్చును. చేతితో మొగల్తూరు అని వ్రాయువాడు లకారమునకే కొమ్ముదీర్ఘము తగిలించి, పిదప క్రింద తావత్తు పెట్టును. అది కంటి వరుస. చెవికి మాత్రము మొదట లకారము, తరువాత తకారము, చివర ఊకారము వినబడును. కంప్యూటరు కోరునది ఈ చెవి వరుసను. ల్, త్, ఊ అని వర్ణవిభాగము చేయగలిగిన విద్యార్థి తప్పక వ్రాయగలడు: లకారము, పొల్లు, తకారము, ఆ పిమ్మట దీర్ఘము. వరుస తప్పినచో అక్షరము వికృతమగుటయే కాదు, ఆ పేరుకొరకు వెదకినపుడు ఆ పత్రము దొరకకపోవచ్చును. పుట చదువునది మనుష్యుని కన్ను, వెదకునది యంత్రము. అది సంఖ్యలనే పోల్చును.

వ్రాయు సాధనము సరిగ అమరినచో ఈ నాల్గవ దోషము చాలవరకు పుట్టనే పుట్టదు. విండోస్ 11లో సెట్టింగులు తెరచి, టైమ్ అండ్ లాంగ్వేజ్, దానిలో లాంగ్వేజ్ అండ్ రీజియన్ అనుచోట తెలుగును చేర్చవలెను. అపుడు రెండు విధముల కీబోర్డులు లభించును. ఒకటి భారత ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్. దానిలో అచ్చులును గుణింతములును ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు అమరియుండును; ఎడమ నడిమి వరుసలో ఆంగ్లపు డి ఉన్న మీట పొల్లునిచ్చును. తెలుగులో ఈ అమరిక నేర్చినవారికి కన్నడ హిందీ లిపులును ఇంచుమించు అవే మీటలపై దొరకును. రెండవది ఉచ్చారణను బట్టి ఆంగ్లాక్షరములు నొక్కగా తెలుగు వచ్చు ఫొనెటిక్ కీబోర్డు. ఇది 2019లో విండోస్ 10కు చేర్చబడెను. తొందరపని గలవారికి రెండవది, నిత్యము వ్రాయువారికి మొదటిది తగును. విండోస్ గుర్తుగల మీటను పట్టి స్పేస్ మీటను నొక్కినచో ఆంగ్లమునుండి తెలుగునకును, తెలుగునుండి ఆంగ్లమునకును మారవచ్చును.

అన్నియు సరిగనున్నను ఒక్కొకప్పుడు వ్యవస్థయే పొరపడును. 2018 ఫిబ్రవరిలో అట్టి వింత ఒకటి జరిగి, తెలుగు అక్షరము ప్రపంచ వార్తలకెక్కెను. జ్ఞా అను అక్షరముగల సందేశము వచ్చిన ఆపిల్ ఫోనులలోను, మాక్ కంప్యూటరులలోను దానిని చూపబోయిన అప్లికేషనులు ఆగిపోయెను. జ్ఞానమను మాట మామూలుగ వ్రాసినపుడు ఈ ఆపద లేదు. జకారము, పొల్లు, ఞకారము అయిన పిదప, దీర్ఘమునకు ముందు, కంటికి కనబడని ఒక గుర్తు చేరినపుడు మాత్రమే అది సంభవించెను. ఆ గుర్తు తెలుగునకు పరాయిది కాదు. సాఫ్ట్‌వేర్ వంటి మాటలో వకారము ఒత్తుగ మారక విడిగ నిలుచుటకు అదియే ఆధారము. రారాని చోట అది వచ్చినపుడు అక్షరమును కూర్చుట ఆ వ్యవస్థకు సాధ్యము కాలేదు. తెలుగక్షరము యంత్రమును కూల్చినదని పలువురు నవ్వుకొనిరి గాని, తప్పు అక్షరముది కాదు. దానిని చదువలేని యంత్రముది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణ కూర్పును విడుదల చేసెను. దానిని ఎక్కించుకొన్నవారికి చిక్కు తీరెను.

అప్‌డేట్ అను మాట తెరపై కనబడినపుడెల్ల "రేపు చూతము" అని త్రోసివేయుట పలువురి అలవాటు. అట్టి సవరణలలో తెలుగునకు సంబంధించినవికూడ ఉండవచ్చునని పై ఉదంతము తెలుపుచున్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సాధారణ సహాయము ముగిసినది. ఆ యంత్రము నాటితో ఆగిపోలేదు, దానిలోని తెలుగును మాయమగలేదు. కాని దాని రక్షణ నానాటికి సడలును. యంత్రమునకు శక్తి చాలినచో విండోస్ 11నకు మారుట, చాలనిచో ఉచితముగ లభించు ఉబుంటు వంటి లినక్సు వ్యవస్థను ఎక్కించుట మార్గములు. లినక్సులోను యూనికోడ్ తెలుగు చక్కగ నడచును. ఏది చేసినను ముందుగ పత్రములన్నిటికి వేరొక చోట ప్రతి తీసి ఉంచవలెను.

డెల్టా గ్రామములనుండి చదువులకును కొలువులకును వెళ్లి దూరదేశములలో స్థిరపడినవారు అనేకులు. తాత ఇంట కూర్చుండి తెలుగున వ్రాసినది మనుమరాలి తెరపై ఖాళీ గడులుగ కనబడినచో, ఆమె మరల తెలుగులో అడుగకపోవచ్చును, ఆంగ్లములో అడుగును. ఒక భాష ఒక ఇంటినుండి తొలగుటకు పెద్ద విపత్తు అక్కరలేదు, ఇట్టి చిన్న అసౌకర్యములు నాలుగు కూడిన చాలును. వానిని తొలగించుటకును పెద్ద ప్రయత్నము అక్కరలేదు.

పై సవరణలు ఫలించినవో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. సంయుక్తాక్షరముగల తన ఊరి పేరును, తన ఇంటి పేరును ఒక పుటలో వ్రాయవలెను. యూటీఎఫ్-8లో భద్రపరచి, ఫైలును మూసి, మరల తెరువవలెను. పిమ్మట దానిని వేరొక కంప్యూటరునకు పంపి, అచట తెరపించి, ఆ పేరునే వెదకించవలెను. గడులు లేక, ప్రశ్నార్థకములు లేక, చుక్కల సున్నలు లేక మొగల్తూరు మొగల్తూరుగనే దొరకినచో, ఆ ఇంట ఇక నిశ్చింతగ ఉత్తరము వ్రాసికొనవచ్చును.