ఒంటికి నూనె రాసుకునే ముందు



చలి మొదలైతే చాలు, మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ల నుండి ఓ.పి.కి వచ్చేవారు "సిస్టరమ్మా, చర్మం పగులుతున్నది, కాళ్లు గుంజుతున్నవి, నూనె రాసుకోవచ్చా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. చాలామంది రాసుకోవచ్చు. కానీ కొందరు రాసుకోకూడదు. ఆ తేడా అందరూ తెలుసుకోవాలి.

ఆయుర్వేదంలో దీనిని అభ్యంగనం అంటారు. వాగ్భటుని అష్టాంగ హృదయంలో తల, చెవులు, పాదాలకు ముఖ్యంగా నూనె రాయాలని ఉంది. అజీర్ణం ఉన్నవారు మానాలని కూడా అక్కడే ఉంది. అంటే అందరికీ ఒకే పద్ధతి పనికిరాదని పెద్దలకు అప్పుడే తెలుసు.

నూనె ఏం చేస్తుంది?

నూనె చర్మం మీద పొరలా నిలిచి, లోపలి తడి ఆరిపోకుండా కాపాడుతుంది. రుద్దడం వల్ల కండరాలు వదులవుతాయి, మనసుకు హాయిగా ఉంటుంది. అంతేగాని నూనె ఎముకల్లోకి దిగి అరుగుదలను తగ్గించదు. బి.పి., షుగర్ మాత్రలు మానేయడానికి ఇది కారణం కాకూడదు.

ఎలా చేసుకోవాలి?

1. పరగడుపున, స్నానానికి ముందు చేసుకోవాలి. భోజనం చేసిన వెంటనే వద్దు.

2. నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ చాలు. కొత్త నూనె అయితే ముందురోజు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి చూడండి. దురద, దద్దు వస్తే వాడకండి.

3. నూనెను పొయ్యి మీద పెట్టవద్దు. గిన్నెను వేడినీళ్లలో ఉంచితే గోరువెచ్చగా అవుతుంది.

4. చేతులు, కాళ్లు పొడవుగా, కీళ్ల దగ్గర గుండ్రంగా, పొట్ట మీద మెల్లగా రుద్దాలి. పది, పదిహేను నిమిషాలు చాలు.

5. చెవిలో, ముక్కులో నూనె పోయకూడదు. చెవికి బయటి వైపు రాస్తే చాలు. పసిపిల్లల ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రమాదం తెస్తుంది.

6. పీట మీద కూర్చుని రాసుకోండి. లేచే ముందు అరికాళ్లు తుడుచుకోండి. బాత్‌రూమ్‌లో జారిపడితే పెద్దవారికి తుంటి ఎముక విరగవచ్చు.

షుగర్ ఉన్నవారు

ఏండ్ల తరబడి షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. నూనె కాలుతున్నా తెలియదు. కాబట్టి నూనె వేడిని ఇంట్లో ఇంకొకరు చూడాలి. కాలివేళ్ల సందుల్లో రాయవద్దు, తడి నిలిచి పుండు పడుతుంది. నూనె రాసే సమయంలోనే అరికాలు తిప్పి చూసుకోండి. ముల్లు, బొబ్బ, పగులు ఏదైనా కనబడితే నొప్పి లేదని ఊరుకోక అదే రోజు ఆసుపత్రికి రండి. చిన్న పుండును అశ్రద్ధ చేసి కాలు పోగొట్టుకునేవారు ఉన్నారు.

వీరు రుద్దకూడదు

ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అసలు రుద్దవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం, పుండు, చీముగడ్డ, కొత్తగా తగిలిన దెబ్బ, ఎముక విరిగిందేమో అన్న అనుమానం ఉన్నప్పుడు కూడా మర్దన వద్దు. గర్భిణీలు డాక్టరును అడిగి చేసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి. మూతి వంకర పోయి, మాట తడబడి, ఒక చెయ్యి లేదా కాలు పడిపోతే అది పక్షవాతం. "వాతం చేసింది, నూనె పెట్టి రుద్దండి" అని ఎవరన్నా వినవద్దు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. వెంటనే 108కి ఫోన్ చేయండి. తర్వాత ఇంటి దగ్గర మెల్లగా నూనె రాయవచ్చు గాని, పడిపోయిన చెయ్యిని పట్టి లాగితే భుజం కీలు జారుతుంది. కదలిక రావడానికి ఫిజియోథెరపీ వ్యాయామాలే ముఖ్యం.

మీరు వాడే నూనె గురించి సందేహం ఉంటే సీసాను వెంట తెచ్చి మా సిస్టర్లకు చూపించండి. అడగడానికి మొహమాటపడవద్దు.